పదిహేడున్నర అంగుళాలు

బండి స్పీడ్ బ్రేకర్ మీద కూర్చుని గంటయింది.

నాలుగు చక్రాలూ దాటాయి. వెనక బంపర్ కింద ఉన్న హుక్కు మాత్రం దాటలేదు. మొన్ననే పోసిన తారులో అది నాగలి కర్రులా దిగబడిపోయింది. ఆళ్లగడ్డ నాలుగు రోడ్ల కూడలికి ఇటు రెండు బస్సులు, అటు ఒక బస్సు ఆగిపోయాయి. నలుగురు కలిసి వెనక భాగం ఎత్తితే రెండు నిమిషాల పని. కానీ బండి యజమాని నారాయణ ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు.

"ఎవురూ ముట్టొద్దు. వాడు నంద్యాల నుంచి వస్తాండాడు. వచ్చి కండ్లారా చూసినాకనే తీసేది," అని రోడ్డు మధ్యలో గొడుగు వేసుకుని నిలబడ్డాడు.

ఆ వచ్చినవాడు జయప్రకాష్. ఇప్పుడు బండి కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. వయసు నలభై నాలుగు. నంద్యాలలో కమాన్ల మేస్త్రీ. వెనక ఇరుసుకు అటొకటి ఇటొకటి బిగించే ఇనప పట్టీల కట్టను కమాను అంటారు. దాని ఒంపు మీదే బండి వెనక భాగం నిలబడుతుంది. ఆ ఒంపు పోతే బండి కుంగుతుంది. ఈ బండి కుంగడం ఇది మూడోసారి.

"కనపడ్తాందా?" పైనుంచి నారాయణ అడిగాడు.

"కనపడ్తాందన్నా."

"ఏం కనపడ్తాంది?"

"కుంగినట్టు కనపడ్తాంది."

"అది చెప్పేకి నలభై కిలోమీటర్లు రావల్లనా? ఈడ టీ తాగే వాళ్లు గూడా చెప్తారు."

టీ తాగుతున్నవాళ్లు అవునన్నట్టు తలూపారు. బస్సు డ్రైవర్ ఒకడు దిగి వచ్చి, "మేస్త్రీ, నువ్వు పండుకుంటే పండుకో, ఆ బండిని రవ్వంత పక్కకు జరిపి పండుకో," అన్నాడు.

జయప్రకాష్ జేబులోంచి టేపు తీసి చక్రం మధ్య నుంచి పైన మడ్గార్డు అంచు దాకా కొలిచాడు. పదిహేడున్నర అంగుళాలు. తొమ్మిది రోజుల కిందట తన షాపు దాటినప్పుడు ఇరవై. అటు పక్క చక్రానికి కొలిచాడు. అక్కడా పదిహేడున్నరే.

పట్టీలు ఒక్కొక్కటిగా తడిమి చూశాడు. విరగలేదు, చీలలేదు. నడిమి బోల్టు చెక్కుచెదరలేదు. తను కొట్టిన నల్లరంగు కూడా పోలేదు. ఇంత ఆరోగ్యంగా కుంగిన కమానును అతను ఇరవై రెండేళ్లలో చూడలేదు.

అతను బయటికి వచ్చేసరికి నారాయణ ఫోను తీసి పట్టుకున్నాడు. విత్తనాలు పండించే రైతుల సంఘానికి ఆయన అధ్యక్షుడు. ఆ సంఘంలో నలభై బండ్లున్నాయి. ఆ నలభై బండ్ల కమాన్లూ జయప్రకాష్ షాపులోనే ఒంపు తిరుగుతాయి. సంఘం వాళ్లు నలుగురు ఇందాకటిదాకా ఆ బండి వెనక సీట్లలోనే ఉన్నారు. ఇప్పుడు సాక్షులుగా నిలబడ్డారు.

"మొన్న నీ షాపులో ఏమంటివి? అందరూ వినేటట్టు చెప్పు."

జయప్రకాష్ తల దించుకున్నాడు. మొదటిసారి అతను పట్టీలను కొలిమిలో కాల్చి, సుత్తితో కొట్టి, ఒంపు తెప్పించి పంపాడు. పది రోజుల్లో బండి కుంగి తిరిగొచ్చింది. రెండోసారి ఆరు పట్టీలకు ఏడోది కలిపాడు. పొలం దావలో రాళ్లు తగలకూడదు, ఎత్తు పెంచమని నారాయణ కోరితే ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనప దిమ్మెలు కూడా పెట్టాడు. ఆ పని మీద ఎంత నమ్మకమంటే, ఆదివారం చర్చి ఆరాధనలో లేచి నిలబడి దేవుడు తన చేతులను ఎట్లా వాడుకున్నాడో సాక్ష్యం చెప్పాడు. చర్చి అంతా హల్లెలూయా అంది. ఆ ఊపులోనే, బండి తీసుకుపోవడానికి వచ్చిన నారాయణ నలుగురిలో ఎగతాళి చేస్తే, అనకూడని మాట ఒకటి అనేశాడు.

"ఇంగోసారి కుంగితే, మా నాయన పేరుండే బోర్డు నా చేతుల్తో నేనే దింపుతా అంటిని," అన్నాడు జయప్రకాష్.

"దేవదానం కమాన్ వర్క్స్," నారాయణ బోర్డు మీద ఉన్నట్టే చదివాడు. "మీ నాయన మా జీపుకు కమాను కట్టినాడు. పద్దెనిమిదేండ్లు కదల్లేదు. నువ్వు కట్టింది తొమ్మిది దినాలు. ఆ పేరు కింద నువ్వు కూసోకూడదప్పా. నిచ్చెన ఉందా, మేము తెచ్చేదా?"

జయప్రకాష్ తండ్రి పోయి మూడేళ్లయింది. బోర్డు ఆయన తన చేత్తో రాసుకున్నది. అక్షరాలు కొద్దిగా ఎడమకు వాలి ఉంటాయి. వాటిని సరిచేయించమని పెయింటర్లు అడిగినప్పుడల్లా జయప్రకాష్ వద్దన్నాడు.

"సాయంత్రం దాకా టైమియ్యి అన్నా. ఇనుము ఊరికే కుంగదు. కారణం ఉంటాది."

"కారణం నువ్వే."

"నేనే అయితే సాయంత్రం దింపుతా."

నారాయణ ఆలోచించాడు. బస్సు డ్రైవర్లు ముగ్గురూ ఒకేసారి హారన్ కొట్టారు. దానితో ఆయన ఆలోచన పూర్తయింది. "నాలుగు గంటలకు మా ఇంటికాడికి రా. వీళ్లు గూడా ఉంటారు. గురవయ్యా, వీని ఎంబడి పో. బండిని వానికి ఒంటరిగా ఇయ్యొద్దు."

గురవయ్య నారాయణ డ్రైవర్. యాభై ఏళ్ల మనిషి. తప్పు తనది కాకపోయినా ముందే చెమట పట్టే రకం. నలుగురు బండిని ఎత్తారు. హుక్కు ఊడివచ్చింది. తారులో గుంట మిగిలింది.

*

దేవదానానికి ఒక పద్ధతి ఉండేది. కమాను విప్పేముందు ఒకసారి, కట్టిన తరవాత ఒకసారి బండిని కాటా మీదికి తోలేవాడు. బండినంతా కాదు. ముందు చక్రాలు కాటా దాటించి, వెనక చక్రాలు మాత్రమే పళ్లెం మీద నిలిపి, వెనక ఇరుసు మీద ఎంత బరువు పడుతోందో చూసేవాడు. ఆ చీటీ పని పుస్తకంలో అంటించేవాడు. "బండి అబద్ధం చెప్తాది, ఓనరు అబద్ధం చెప్తాడు, కాటా చెప్పదు," అనేవాడు.

జయప్రకాష్ ఈ పద్ధతిని సగం పాటించేవాడు. కట్టిన తరవాత మాత్రమే తూచేవాడు. చీటీ చదవకుండా అంటించేవాడు.

జయప్రకాష్ బైకు మీద ముందు పోయాడు. పని పుస్తకం దాని డిక్కీలోనే ఉంది. ఆళ్లగడ్డ దాటాక మొక్కజొన్న గోడౌన్ పక్కనున్న కాటా దగ్గర బండి ఆపించి, చెట్టు నీడన పుస్తకం తెరిచాడు.

మొదటి చీటీ: వెనక ఇరుసు మీద తొమ్మిది వందల పది కిలోలు.

రెండో చీటీ: వెయ్యిన్నీ తొంభై.

జయప్రకాష్ రెండో చీటీని మళ్లీ చదివాడు. తను కలిపిన పట్టీలూ దిమ్మెలూ కలిపి ఇరవై కిలోలు దాటవు. మిగతా నూట అరవై కిలోలు తొమ్మిది రోజులుగా తన పుస్తకంలోనే, తన జిగురుతోనే అంటుకుని ఉన్నాయి. ఆ ఆదివారం సాక్ష్యం చెప్పడానికి బదులు చీటీ చదివి ఉంటే సరిపోయేది.

"వెనక చక్రాలు మాత్రం ఎక్కించు గురవయ్యా."

కాటా గదిలోంచి చీటీ వచ్చింది. వెయ్యిన్నీ రెండువందల యాభై.

"ఖాళీ బండే కదా?" అన్నాడు జయప్రకాష్.

"ఖాళీనే కదన్నా. నువ్వు చూస్తానే ఉండావ్."

"ఖాళీలో మూడువందల ఇరవై కిలోలు ఎక్కువుండాది. ప్రవీణు ఏమన్నా స్పీకర్ పెట్టెలు బిగించినాడా?"

ప్రవీణ్ నారాయణ కొడుకు. "వాడు ఈ బండెక్కడన్నా. ముసిలోళ్ల బండంటాడు," అన్నాడు గురవయ్య. తరవాత గొంతు తగ్గించి, "నన్ను అనుమానిస్తాండావా? మిడుతూరులో మా బామ్మర్దికి రెండు మూటల యూరియా వేసినా. అది పోయిన యాడాది. అప్పుడే దించేసినా."

"ఇప్పుడు దాన్ని ఎందుకు చెప్తాండావ్?"

"ఎప్పటికైనా తెలుస్తాదని."

జయప్రకాష్ వెనక తలుపు తెరిచాడు. ఎదురెదురు సీట్ల మధ్య నేలంతా మందపాటి కార్పెట్. కాలితో తొక్కాడు. మెత్తగా ఉండాల్సింది గట్టిగా ఉంది. ఇంటి వసారా తొక్కినట్టుంది. అంచు పట్టుకుని లాగాడు.

కింద నాపబండలు.

అడ్డదిడ్డంగా పడేసినవి కావు. అంచుకు అంచు తగిలేలా, ఎక్కడా వేలు దూరకుండా పరిచారు. సందుల్లో గోనెపట్టా ముక్కలు మడిచి కుక్కారు, కదిలి చప్పుడు కాకుండా. మధ్య సీటు కిందా అంతే. మంచి మేస్త్రీ కూడా ఇంత శ్రద్ధగా ఇల్లు పరచడు.

గురవయ్య వంగి బండల అంచుల మీద వేలు రాసి చూశాడు. "ఎంత సమంగా పరిచినారన్నా," అన్నాడు.

ఒక బండను తెచ్చి చిన్న కాటా మీద పెట్టారు. పదహారు కిలోలు. లెక్కపెట్టారు. ఇరవై బండలు. ఇరవై పదహార్లు మూడువందల ఇరవై. కిలో కూడా తేడా లేదు.

జయప్రకాష్ గుండె తేలికైంది. కానీ గురవయ్య పక్కన కూర్చుని, బండి ఆళ్లగడ్డ వైపు తిరిగేసరికి ఇంకో విషయం తట్టి మళ్లీ బరువెక్కింది. పుస్తకం తొడ మీద పెట్టుకుని ఎత్తులు చూసుకున్నాడు. బండి మొదటిసారి నిజంగానే వయసుకు కుంగి వచ్చినప్పుడు పదిహేడున్నర. పందొమ్మిదిన్నరకు లేపి పంపాడు. పదిహేడున్నరకు దిగి వచ్చింది. ఇరవైకి లేపాడు. మళ్లీ పదిహేడున్నరే.

పగతో బరువు వేసేవాడు బండి విరిగేదాకా వేస్తాడు. దొంగసరుకు మోసేవాడు దించేస్తాడు. వీడెవడో తను ఎంత లేపితే అంత దించి, పాత గీత దగ్గర సరిగ్గా ఆపేశాడు. ఆ మనిషికి బండి చెడటం అక్కర్లేదు. బండి ఆ ఎత్తులో ఉండటం కావాలి.

పదిహేడున్నర ఎవరికి కావాలి?

*

నాలుగు గంటలకు నారాయణ ఇంటి ముందు బండి ఆగింది. ఎప్పుడూ ఆగే చోటే, వరండా మెట్ల పక్కన. సంఘం వాళ్లు నలుగురూ కుర్చీల్లో ఉన్నారు. గోడకు నిచ్చెన ఒకటి ఆనించి ఉంది. నారాయణ ముందుగానే తెప్పించాడు.

జయప్రకాష్ మూడు చీటీలూ చూపించాడు. వెనక తలుపు తెరిచి కార్పెట్ ఎత్తాడు. సంఘం వాళ్లు లేచి వచ్చి వంగి చూశారు. ఒకాయన బండ మీద వేళ్లతో కొట్టి, "బేతంచెర్ల రాయి," అన్నాడు. ఇంకొకాయన, "మంచి రాయి," అన్నాడు.

నారాయణ బండల్ని చూశాడు. ఇంటి పక్కనున్న గొడ్ల కొట్టం వైపు చూశాడు. కొట్టం పరిచాక మిగిలిన బండల దొంతి అక్కడ ఉండేది. ఇప్పుడు ఎత్తు తగ్గింది.

"నా బండలే," అన్నాడు. "నా బండలు నా బండ్లోకి యెట్ల వచ్చినాయి?"

"అది నాకు తెలీదన్నా. కమాను మాత్రం నిలబడింది. మూడువందల ఇరవై కిలోలు, దాని మీద మీరు ఆరుగురు. విరగలేదు."

"ఉండు, ఉండు." నారాయణ కండ్లు చిన్నవయ్యాయి. "మధ్యాన్నం నుంచి బండి నీ చేతిలో ఉంది. పొద్దున రాళ్లుండాయని ఎవురు చూసినారు? నీ బోర్డు కాపాడుకునేకి నువ్వే వేసుకోనుంటావు."

"నేను పక్కనే ఉంటినన్నా," అన్నాడు గురవయ్య.

"అయితే ఇద్దరూ కలిసి వేసినారు. లేదంటే నువ్వొక్కనివే మొదట్నుంచీ వేస్తాండావు. తాళం చెవులు ఎవుని దగ్గరుంటాయి? మిడుతూరు బామ్మర్ది కథ నాకు తెలీదనుకుంటివా?"

గురవయ్య జయప్రకాష్ వైపు చూశాడు. ఎప్పటికైనా తెలుస్తుందని తను ముందే చెప్పానన్నట్టు ఉంది ఆ చూపు.

"నాకు పేరు గావాల," అన్నాడు నారాయణ. "రాళ్లు ఎవురు పెట్టినారో ఆ పేరు ఈ నలుగురి ముందర చెప్పు. బోర్డు నీది, నలభై బండ్లు నీవి. పేరు లేకపోతే నిచ్చెన ఆడుంది. గురవయ్యా, నువ్వు తాళాలు ఇచ్చి పో."

జయప్రకాష్ టేపు తీశాడు. ఎందుకో అతనికే స్పష్టంగా తెలియదు. కొలవడం తప్ప ఆ క్షణంలో అతనికి వేరే పని రాదు. పక్క తలుపు తెరిచి, అడుగు పెట్టి ఎక్కే అంచు ఎంత ఎత్తులో ఉందో కొలవబోయాడు. వంగినప్పుడు మెట్ల పక్కన నేల నుంచి లేచిన వరండా స్తంభం కనపడింది.

తెల్ల సున్నం కొట్టిన స్తంభం. దాని మీద మోకాలెత్తున, బొగ్గుతో గీసిన చిన్న అడ్డగీత. నాలుగు వేళ్ల వెడల్పు ఉంటుంది. కంటితో దూరం కొలిచే అలవాటున్నవాడు గనక టేపు అక్కర్లేకుండానే తెలిసిపోయింది. అయినా టేపు పెట్టాడు. గీత ఎత్తు, తలుపు అంచు ఎత్తు ఒక్కటే. దారం కట్టి గీసినట్టు.

అప్పుడే ఇంట్లోంచి నారాయణ భార్య జానకమ్మ మజ్జిగ గ్లాసులు పళ్లెంలో పెట్టుకుని వచ్చింది. అరవై ఏళ్లుంటాయి. మెట్టు దిగేటప్పుడు ముందు కుడికాలు కింద పెట్టింది. స్తంభం పట్టుకుంది. తరవాత ఎడమకాలును, అది వేరెవరిదో అయినట్టు, మెల్లగా తెచ్చి పక్కన పెట్టింది. మూడు మెట్లూ అట్లానే దిగింది. స్తంభం దగ్గర ఆగి, టేపునూ గీతనూ చూసి, చీర కుచ్చిళ్లు గీతకు అడ్డం వచ్చేలా నిలబడింది.

జయప్రకాష్ టేపు వదిలేశాడు. అది చప్పుడు చేస్తూ పెట్టెలోకి చుట్టుకుపోయింది.

"తీసుకో నాయనా," ఆమె మొదటి గ్లాసు అతనికే ఇచ్చింది. "ఎండన పడి వచ్చినావ్."

అతను తాగాడు. ఉప్పు, అల్లం సరిగ్గా ఉన్నాయి. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఎవరి వైపూ చూడలేదు.

"కొలిచినావు కదా," అన్నాడు నారాయణ. "తెలిసిందా?"

తెలిసింది. పేరు నాలుక చివరే ఉంది. చెబితే తండ్రి బోర్డు ఉంటుంది, నలభై బండ్లు ఉంటాయి, ఆదివారం తలెత్తుకుని కూర్చోవచ్చు. చెబితే ఈమె ఈ ఆరుగురు మగవాళ్ల ముందర, తన ఇంటి మెట్ల మీద, మజ్జిగ పళ్లెంతో, మోకాళ్ల కథ చెప్పుకోవాలి.

"తెలీలేదన్నా," అన్నాడు. "నిచ్చెన అక్కర్లేదు. మా షాపులో ఉంది. పొద్దున్నే దింపుతా. గురవయ్య తప్పేం లేదు, పనిలో పెట్టుకో."

గోడకు ఆనించిన నిచ్చెన వైపు చూసి, బైకు ఎక్కడ పెట్టాడో గుర్తు తెచ్చుకుని, మొక్కజొన్న గోడౌన్ దగ్గరే వదిలేశానని తెలిసి, నడవడానికి సిద్ధపడ్డాడు.

"ఆగు నాయనా," అంది జానకమ్మ.

పళ్లెం అరుగు మీద పెట్టింది. "నా కోసరం వాళ్ల నాయన పేరు తీసేసుకుంటాండాడు ఈ పిల్లోడు. గురవయ్యను అంటిరి, వానిని అంటిరి. ఆ రాళ్లు పెట్టింది నేను. మీరంతా మధ్యాన్నం పండుకున్నప్పుడు కృష్ణమ్మ అందించె, నేను పరిస్తి."

కొట్టం దగ్గర పేడ ఎత్తుతున్న కృష్ణమ్మ తన పేరు వినపడగానే వేరే దిక్కుకు తిరిగి ఎత్తడం మొదలుపెట్టింది.

సంఘం వాళ్లలో ఒకాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే బోర్డు దింపే పని లేదు మేస్త్రీ," అన్నాడు. మిగిలినవాళ్లు తలూపారు.

నారాయణ ఆమె వైపు తిరిగాడు. "నువ్వా? ఎందుకు?"

"ఎక్కలేక."

"ఎక్కలేకపోతే చెప్పాల."

"చెప్పలేదా? మొదటిసారి బండి ఎత్తు లేపినప్పుడే చెప్పితి. కాలు పెట్టుకునేకి ఒక మెట్టు బిగించమంటి. మెట్టు పెడితే ఆటో మాదిరి ఉంటాదంటివి. పాములపాడు పెండ్లికాడ నేను ఎక్కలేక నిలబడితే, నలుగురు పట్టి వడ్ల మూట లేపినట్టు లేపి లోపలికి తోసిరి. పెండ్లోళ్లంతా నగిరి. ముందర సీట్లో కూసోని నువ్వూ నగితివి." ఆమె గొంతు ఎక్కడా పెరగలేదు. వడ్ల రకాలు చెబుతున్నట్టు చెప్పింది. "బండి పైకి పోతే నేను దానెంబడి పోలేను. అందుకే దాన్నే కిందికి తెచ్చుకుంటి. యాడిదాకా దింపల్లనో ఈ స్తంభానికి గీత పెట్టుకుంటి. అంతకన్నా ఒక్క రాయి ఎక్కువ పెట్టలా."

జయప్రకాష్‌కు ఆ చివరి మాట మీద మేస్త్రీగా గౌరవం కలిగింది.

"మెట్టు నేను బిగిస్తా అమ్మా," అన్నాడు. "రాళ్లు తీసేసి, కమాను అట్లనే ఉంచి. అర్ధగంట పని."

నారాయణ నలుగురి వైపూ చూశాడు. నలుగురూ మజ్జిగ చూసుకుంటున్నారు. అధ్యక్షుడిగా ఆయనకు సభను ఎక్కడో ఒకచోట ముగించాలి.

"సరే. దొరికింది కదా," అన్నాడు గట్టిగా. "నా బండిని రెండుసార్లు చెడగొట్టింది, నడిరోడ్డులో నా మర్యాద తీసింది నా పెండ్లామే. వినండప్పా అందరూ."

"రాళ్లు పెట్టింది నేను," అంది జానకమ్మ. "బండి కుంగేకి కారణం నేను కాదు."

"మరెవురు? పేరు గావాలన్నా కదా. ఉంటే చెప్పు, అందరి ముందర."

పెండ్లయి ముప్పై ఎనిమిదేళ్లలో జానకమ్మ ఆ పేరు పలికింది లేదు. జనాభా లెక్కల వాళ్లొస్తే గేటు మీది పలకను వేలితో చూపించింది. బ్యాంకులో అడిగితే ప్రవీణ్‌ను పిలిచి చెప్పించింది. ఆసుపత్రిలో ఎవరూ తోడు లేనప్పుడు కాగితం అడిగి రాసిచ్చింది.

ఇప్పుడు చీర కొంగుతో మూతి తుడుచుకుంది. స్తంభం వదిలేసి నిటారుగా నిలబడింది. కొట్టం దగ్గర కృష్ణమ్మకు కూడా వినపడేలా, అక్షరం అక్షరం విడిగా పలికింది.

"నారాయణ."